గనిగాలి నుంచి గింజ దాకా

మౌలాలి గుట్ట చుట్టూ: 11వ భాగం

జార్ఖండ్‌లోని జాదూగూడలో తయారై మౌలాలి దారి పట్టే పసుపు పొడిలో యురేనియం ఉంటుంది, రేడియం దాదాపుగా ఉండదు. ఆ పొడి మన అణు ఇంధన కర్మాగారం ఎన్.ఎఫ్.సి.లో గుళికలై, జిర్కోనియం గొట్టాల్లోకి చేరి, అరమీటరు పొడవున్న ఇంధన కట్టలుగా ఎలా మారుతుందో పోయిన భాగంలో చూశాం. రేడియం మాత్రం జార్ఖండ్‌లోనే, ఖనిజాన్ని నూరి కడగ్గా మిగిలిన మడ్డిలో ఉండిపోతుంది. ఇవాళ దాన్ని కొనేవారు లేరు, దానికి కాపలా కాయాల్సిందే. నూరేళ్ళ కిందట సంగతి వేరు. అప్పుడు రేడియం కోసమే ఖనిజం తవ్వేవారు, యురేనియానికే పెద్ద గిరాకీ ఉండేది కాదు. 1921లో అమెరికా మహిళలు చందాలు పోగుచేసి మేరీ క్యూరీకి ఒక్క గ్రాము రేడియం కానుకగా ఇచ్చారు. దాని ఖరీదు లక్ష డాలర్లు. అంత ఖరీదైన పదార్థాన్ని వైద్యులు సూదుల్లోకి, గొట్టాల్లోకి ఎక్కించి రోగుల ఒంట్లో గుచ్చారు. దాని నుంచి వచ్చే వాయువును గింజలుగా మూసి నాలుకలో, రొమ్ములో, చివరికి ఊపిరితిత్తుల్లో నాటారు. ఈ భాగం ఆ గింజల చరిత్ర.

మౌలాలి నుంచి ఈ.సి.ఐ.ఎల్. చౌరస్తా దాకా ఉన్న కాలనీల్లో అణుశక్తి సంస్థల ఉద్యోగులు, విశ్రాంత ఉద్యోగులు వేలల్లో ఉన్నారు. ఆ ఇళ్ళల్లో తరచు వినిపించే ప్రశ్న ఒకటుంది. రేడియేషన్‌తో క్యాన్సర్ వస్తుందంటారు, మళ్ళీ క్యాన్సర్‌కు రేడియేషనే ఇస్తారు, ఇదెలా? ఈ ప్రశ్నకు జవాబు ఊపిరితిత్తుల చరిత్రలో దొరికినంత తేటగా మరెక్కడా దొరకదు. అందుకే ఈసారి గుట్ట దిగి చాలా దూరం, ఐరోపా నడిబొడ్డున ఉన్న గనుల దాకా వెళ్ళి రావాలి.

ఇప్పటి చెక్ దేశంలో, జర్మనీ సరిహద్దు కొండల్లో యాకిమోవ్ అనే ఊరుంది. పాత జర్మన్ పేరు సాంక్ట్ యోఅఖిమ్‌స్థాల్. 16వ శతాబ్దంలో అక్కడ వెండి గనులు జోరుగా సాగాయి. 1527లో గియోర్గియస్ అగ్రికోలా అనే వైద్యుడు ఆ ఊరికి వచ్చి, గని కార్మికుల ఊపిరితిత్తులు కుళ్ళిపోవడం కళ్ళారా చూశాడు. 1556లో, ఆయన పోయిన మరుసటి ఏడు, వెలువడిన గనుల గ్రంథంలో ఆ సంగతి నమోదైంది. కొండకు అవతలి పక్క ష్నేబెర్గ్‌లో కూడా ఇదే బాధ. దుమ్మువల్ల అనుకున్నారు, దయ్యాలవల్ల అనుకున్నారు. 1879లో హెర్టింగ్, హెస్సె అనే ఇద్దరు వైద్యులు ష్నేబెర్గ్ కార్మికుల శవాలను పరీక్షించి, ఇది ఊపిరితిత్తుల్లో పుట్టే ప్రాణాంతకమైన కణితి అని తేల్చారు. అసలు దోషి ఎవరో తెలియడానికి ఇంకా దశాబ్దాలు పట్టింది. ఆ రాళ్ళలో యురేనియం ఉంది. యురేనియం-238 సగానికి తరగడానికి సుమారు 447 కోట్ల ఏళ్ళు పడుతుంది. తరుగుతూ తరుగుతూ అది రేడియం అవుతుంది. రేడియం సగానికి తరగడానికి 1600 ఏళ్ళు. రేడియం నుంచి పుట్టేది రాడాన్, రంగూ వాసనా లేని వాయువు. దాని సగం ఆయుష్షు 3.8 రోజులే. ఈ వంశంలో వాయురూపం ఎత్తేది రాడాన్ తరమే. అందుకే అది రాయిని వదిలి గనిగాలిలో కలిసి, మనిషి పీల్చే ఊపిరితో లోపలికి పోగలిగింది. దాని పిల్లలైన పొలోనియం వంటివి ఊపిరితిత్తుల గోడలకు అంటుకుని, ఏళ్ళ తరబడి కొద్దికొద్దిగా కణాలను కొడుతూ వచ్చాయి.

1898లో క్యూరీ దంపతులు రేడియాన్ని కనుగొన్నది ఈ యాకిమోవ్ గనుల ఖనిజం నుంచే.

ఆ తరువాత కథ వేగంగా నడిచింది. 1901లో హెన్రీ బెక్వెరెల్ కోటు జేబులో రేడియం గొట్టం పెట్టుకు తిరిగితే ఒంటి మీద కాలిన పుండు పడింది. పియర్ క్యూరీ కావాలనే తన చేతి మీద అలాంటి పుండు తెచ్చుకుని గమనించాడు. మంచి చర్మాన్ని కాల్చేది చెడ్డ చర్మాన్నీ కాల్చగలదు గదా అని ప్యారిస్‌లో డాన్లో అనే చర్మవైద్యుడు ఆ ఏడే రేడియంతో చికిత్స మొదలుపెట్టాడు. టెలిఫోన్ కనిపెట్టిన అలెగ్జాండర్ గ్రాహం బెల్ 1903లో వాషింగ్టన్‌లోని ఒక వైద్యుడికి ఉత్తరం రాశాడు. ఎక్స్‌రేలు బయటి నుంచి లోతుకు వెళ్ళలేకపోతున్నాయి, అలాంటప్పుడు చిన్న గాజు గొట్టంలో రేడియం తునక మూసి కణితి నడిమధ్యలోనే పెడితే ఏమవుతుందో చూడరాదా అని అడిగాడు. ఆయన వైద్యుడు కాడు, భౌతిక శాస్త్రవేత్త కూడా కాడు. కానీ ఈ వైద్యం మొత్తానికి మూలసూత్రం ఆ ఉత్తరంలో ఉంది. రెండేళ్ళకు న్యూయార్క్ శస్త్రవైద్యుడు రాబర్ట్ అబే కణితుల లోపల రేడియం పెట్టి చూపించాడు.

మౌలాలి కాలనీల ప్రశ్నకు జవాబు ఇక్కడ మొదలవుతుంది. గని కార్మికుడి ఊపిరితిత్తి అంతటా పరచుకుని ఏళ్ళ తరబడి పడిన స్వల్ప మోతాదు కణాన్ని చంపలేదు. దాని జన్యుపదార్థాన్ని గాయపరిచి బతకనిచ్చింది. గాయపడి బతికిన కణం దారి తప్పింది. వైద్యుడు చేసేది దీనికి పూర్తిగా ఎదురు. ఒక్క చోట, కొద్ది కాలంలో, కణం మళ్ళీ విభజన చెందలేనంత గట్టిగా కొడతాడు. మూలం నుంచి దూరం రెట్టింపయితే కిరణాల తీవ్రత నాలుగో వంతుకు పడిపోతుంది. కాబట్టి మూలాన్ని కణితిలోనే పెడితే కణితి చస్తుంది, పక్కనున్న గుండె, వెన్ను చాలావరకు తప్పించుకుంటాయి. ఎంత మోతాదు, ఎక్కడ, ఎంతకాలం అన్న మూడు లెక్కల మీదే జబ్బుకూ మందుకూ మధ్య తేడా నిలిచింది. వాటిలో ఆ మూడో లెక్క కోసమే వైద్యులు చాలాకాలం తంటాలు పడ్డారు.

ఎందుకంటే రేడియాన్ని ఒంట్లో వదిలేయడం కుదరదు. 1600 ఏళ్ళ సగం ఆయుష్షున్న దాన్ని పెట్టి, గంటలు లెక్కపెట్టి, మళ్ళీ తీయాలి. పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ డాక్టరు వేళ్ళు కాలేవి. సూది ఒకటి కట్టుగుడ్డల్లో పడి చెత్తకుప్పకు పోతే పరికరాలు పట్టుకుని ఆ కుప్పలు గాలించేవారు. తొలి తరం రేడియం వైద్యులు, నర్సులు ఎందరో చర్మం చెడి, వేళ్ళు పోగొట్టుకుని, కొందరు రక్తం చెడి చనిపోయారు. వారిని ఈ చరిత్రలో రోగుల పక్కనే నిలబెట్టి చెప్పుకోవాలి.

దీనికి దారి రాడాన్ చూపించింది. రేడియాన్ని ద్రావణంగా చేసి ఆసుపత్రి ఖజానాలో భద్రంగా ఉంచుతారు. దాని నుంచి ఊరే రాడాన్ వాయువును రోజూ ఆవును పితికినట్టు తీసుకుంటారు. ఆ పనిముట్టును అమెరికా ఆసుపత్రుల్లో నిజంగానే రేడియం ఆవు అని పిలిచేవారు. తీసిన వాయువును సన్నని గొట్టంలోకి పంపి, ముక్కలుగా నొక్కి మూసేస్తే గింజలు తయారు. మొదట అవి గాజువి. గాజులోంచి బీటా కణాలు కూడా బయటికి వచ్చి చుట్టూ మంచి మాంసాన్ని కాల్చేవి. న్యూయార్క్ మెమోరియల్ ఆసుపత్రిలో గియోఅకినో ఫైల్లా అనే భౌతిక శాస్త్రవేత్త 1920లలో బంగారు గొట్టాలు వాడి ఆ కాలుడును ఆపాడు. గింజ నాటి వదిలేయవచ్చు. నెల తిరిగేసరికి రాడాన్‌లో రెండువందో వంతు కూడా మిగలదు. బంగారు తొడుగు మాత్రం జన్మాంతం లోపలే ఉంటుంది. గని కార్మికుల ఊపిరి తీసిన ఆ వాయువే, ఆయుష్షు తక్కువ కావడంవల్లే, మందుగా పనికొచ్చింది.

నాలుక, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం చేతికి అందేవి. ఊపిరితిత్తి అలా కాదు. అది పక్కటెముకల పంజరంలో క్షణం ఆగకుండా కదులుతూ ఉంటుంది, ఛాతీ తెరిస్తే గాలి చొరబడి ముడుచుకుపోతుంది. గొంతులోంచి శ్వాసనాళంలోకి గొట్టం దించి చూసే బ్రాంకోస్కోప్ 19వ శతాబ్దం చివర్లో వచ్చాక ఒక కిటికీ తెరుచుకుంది. 1922లో న్యూయార్క్ వైద్యుడు యాంకవర్ ఆ కిటికీలోంచే శ్వాసనాళపు కణితికి రేడియం అందించినట్టు ప్రకటించాడు. అయినా కణితి ఉన్న ఊపిరితిత్తిని తీసేసి రోగిని బతికించినవారు అప్పటికి లేరు.

1933 ఏప్రిల్ 5. అమెరికాలో సెయింట్ లూయిస్ నగరం, బార్న్స్ ఆసుపత్రి. బల్ల మీద 48 ఏళ్ళ రోగి, ఆయనా వైద్యుడే, పిట్స్‌బర్గ్‌లో ప్రసవాలు చేసేవాడు. ఎడమ ఊపిరితిత్తిలో క్యాన్సర్. కత్తి పట్టింది ఎవార్ట్స్ గ్రాహం. పై భాగం ఒక్కటే తీయాలన్నది పథకం. ఛాతీ తెరిచాక చూస్తే కణితి కింది భాగానికి పోయే నాళం దాకా పాకి ఉంది. తీస్తే మొత్తం తీయాలి, లేదా కుట్టేసి పంపేయాలి. క్యాన్సర్ కోసం ఒక పక్క ఊపిరితిత్తి మొత్తాన్ని ఒకే విడతలో తీస్తే మనిషి బతికిన దాఖలా లేదు. గ్రాహం ఊపిరితిత్తి మూలాన్ని బిగించి పట్టి, గుండె తట్టుకుంటుందా అని కాసేపు ఆగి చూశాడు. తట్టుకుంది. కోసేశాడు. మిగిలిన మోడును రసాయనంతో కాల్చాడు. ఖాళీ అయిన ఛాతీ ముడుచుకోవడానికి మూడోదాని నుంచి తొమ్మిదోదాని దాకా ఏడు పక్కటెముకలు తీశాడు. ఇంతా చేశాక కూడా ఆ మోడులో కంటికి కనబడని క్యాన్సర్ కణాలు ఉండవచ్చునన్న అనుమానం ఆయన్ను వదల్లేదు. ఏడు రాడాన్ గింజలు, ఒక్కోటి ఒకటిన్నర మిల్లీక్యూరీలది, మోడులో అక్కడక్కడా నాటాడు.

వైద్య చరిత్రలు ఆ రోజును క్యాన్సర్‌కు చేసిన మొట్టమొదటి విజయవంతమైన ఊపిరితిత్తి తొలగింపుగా రాసుకుంటాయి. గింజల సంగతి ఒక వాక్యంలో తేల్చేస్తాయి. నాకు మాత్రం ఆ గింజలే ముఖ్యంగా కనిపిస్తాయి. ఎందుకంటే కత్తికి అందనిది ఏదో మిగిలిపోతుందన్న ఎరుక వాటిలో ఉంది. తరువాత ఎనభై ఏళ్ళ పాటు ఊపిరితిత్తుల్లో గింజలు నాటిన ప్రతివారూ ఆ ఎరుకతోనే నాటారు. పిట్స్‌బర్గ్ డాక్టరు కోలుకుని ఇంటికి వెళ్ళి, మళ్ళీ వృత్తిలో చేరి, ఒక్క ఊపిరితిత్తితో 30 ఏళ్ళ దాకా బతికాడు. అది గింజల వల్లేనని ఎవరూ చెప్పలేరు. ఒక్క రోగితో అలాంటిది తేలదు.

గ్రాహం స్వయంగా సిగరెట్లు బాగా తాగేవాడు. పొగాకే ఈ జబ్బుకు కారణమన్న మాటను మొదట నమ్మలేదు కూడా. ఎర్నెస్ట్ విండర్ అనే వైద్య విద్యార్థి పట్టుబట్టి ప్రశ్నపత్రాలతో రోగుల చుట్టూ తిరిగాడు. 1950లో ఇద్దరి పేర్లతో 684 మంది రోగుల అధ్యయనం అచ్చయింది. మగవారి సాధారణ ఊపిరితిత్తుల క్యాన్సర్లలో నూటికి 96 మందికి పైగా ఏళ్ళ తరబడి గట్టిగా పొగతాగినవారే. గ్రాహం సిగరెట్లు మానేశాడు. అప్పటికే ఆలస్యమైంది. 1957లో రెండు ఊపిరితిత్తుల్లోనూ క్యాన్సర్ పాకి చనిపోయాడు. ఆయన బతికించిన రోగి అప్పటికింకా బతికే ఉన్నాడు.

అదే 1957లో మన కోస్తా నుంచి ఒక వ్యాసం వెలువడింది. డి.జి.రెడ్డి, వి.కె.రావు రాసినది. కాలుతున్న కొస నోటి లోపల పెట్టుకుని చుట్ట తాగే అలవాటు, ఉత్తరాంధ్ర ఆడవాళ్ళు అడ్డపొగ అంటారు, అంగిట్లో క్యాన్సర్‌కు దారి తీస్తోందని అందులో చూపించారు. మన దగ్గర పొగాకు చంపే తీరు వేరు గానీ చంపడం ఒకటే. పొగాకు గురించి మరో సంగతి 1964లో తెలిసింది. రాడ్‌ఫర్డ్, హంట్ అనే ఇద్దరు హార్వర్డ్ పరిశోధకులు సిగరెట్ పొగలో పొలోనియం-210 ఉందని చూపించారు. గాలిలోని రాడాన్ పిల్లలు ఆకు మీద రాలి, ఫాస్ఫేటు ఎరువుల్లోని రేడియం మట్టిలో చేరి, చివరికి ఆకులో పొలోనియం తేలుతుంది. గుంటూరు చేలో పండినా వర్జీనియాలో పండినా పొగాకు ఆకు ఈ వంశానికి దూరం కాదు. యాకిమోవ్ గని గాలిలో ఉన్న బంధుగణమే, చాలా తక్కువ మోతాదులో, సిగరెట్ పీల్చే మనిషి లోపలికి పోతోంది. పొగాకులో క్యాన్సర్ కారకాలు ఇంకా డజన్ల కొద్దీ ఉన్నాయి, పొలోనియం వాటిలో ఒకటి మాత్రమే. అయినా చార్మినార్ సిగరెట్ ఊరు మనది, ఈ ముక్క ఇక్కడివాళ్ళకు తెలిసి ఉండాలి.

హైదరాబాదులో రేడియం వైద్యం నిలదొక్కుకున్నది 1955లో. రెడ్‌హిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ పేరున మొదలైన ఆసుపత్రి పేరులోనే క్యాన్సర్‌తో పాటు రేడియం ఉండేది. బంజారాహిల్స్ రాళ్ళ మధ్య ఇల్లు కట్టుకున్న తొలివారిలో ఒకడిగా, బూర్గుల మంత్రివర్గంలో మంత్రిగా, తరువాత గుజరాత్ మొదటి గవర్నరుగా ఆయన్ను చరిత్ర గుర్తుపెట్టుకుంది. తెలంగాణ పల్లెల నుంచి బస్సెక్కి వచ్చే పేద రోగి మాత్రం ఎం.ఎన్.జె. అన్న మూడక్షరాల్లోనే ఆయన్ను ఎరుగుతాడు. అంతకుముందు ఇక్కడివారికి దిక్కు మద్రాసు. 1934లో మొదలైన బర్నార్డ్ రేడియాలజీ సంస్థ, 1954లో ముత్తులక్ష్మి రెడ్డి అడయారులో స్థాపించిన క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ తెలుగువారికి ఎంత చేశాయో వేరే రాయాలి.

రేడియం రోజులు అప్పటికే ముగుస్తున్నాయి. రియాక్టర్లు వచ్చాక మనిషి తనకు కావలసిన ఆయుష్షున్న పదార్థాన్ని తానే తయారు చేసుకోగలిగాడు. కోబాల్ట్-60 బయటి నుంచి కిరణాలిచ్చే యంత్రాలకు సరిపోయింది. మన ఊళ్ళలో కరెంటు పెట్టించుకున్నాం అని రోగులు చెప్పేది చాలాకాలం ఈ కోబాల్ట్ యంత్రం గురించే. మౌలాలి ఈ కథలోకి నేరుగా వచ్చేది ఇక్కడే. దేశంలోని భారజల రియాక్టర్లకు ఇంధన కట్టలు ఎన్.ఎఫ్.సి. నుంచి వెళతాయి. రాజస్థాన్‌లో రావత్‌భాటా రియాక్టర్ల గర్భంలో కోబాల్ట్ కడ్డీలు పెడితే, ఈ ఇంధనం విడిచే న్యూట్రాన్లను మింగి అవి కోబాల్ట్-60గా మారతాయి. అక్కడి నుంచి ఆసుపత్రులకు పోతాయి. మౌలాలిలో గింజలు తయారు కావు, కోబాల్ట్ తయారు కాదు. కానీ ఆ కోబాల్ట్‌ను వండిన పొయ్యి మౌలాలి ఇంధనంతో వెలిగిందే.

గింజల విషయానికొస్తే, 1960లలో అమెరికాలో అయోడిన్-125 గింజ వచ్చింది. నాలుగున్నర మిల్లీమీటర్ల పొడవు, ఒక మిల్లీమీటరు కూడా లేని మందం, టైటానియం తొడుగు. సగం ఆయుష్షు సుమారు 60 రోజులు. దాని కిరణాలు చాలా మెత్తనివి, మాంసంలో రెండు సెంటీమీటర్లు పోయేసరికే బాగా తగ్గిపోతాయి, పల్చని సీసం రేకు వాటిని ఆపేస్తుంది. డాక్టరు వేళ్ళకూ, రోగి పక్కన పడుకునే ఇల్లాలికీ రాడాన్ గింజలు ఇవ్వలేని రక్షణ అది.

ఈ గింజలను ఊపిరితిత్తుల్లో ఎక్కువగా వాడిన చోటు న్యూయార్క్ మెమోరియల్ స్లోన్ కెటరింగ్ ఆసుపత్రి. అక్కడ ఉల్రిక్ హెన్ష్కే, ఆయన వెనుక బేసిల్ హిలారిస్ ఈ విద్యను కట్టుదిట్టం చేశారు. 1970ల చివర్లో హిలారిస్ దగ్గరికి ఒక తెలుగు యువకుడు చేరాడు. కృష్ణా జిల్లా మంటాడలో 1947లో పుట్టి, కర్నూలు మెడికల్ కాలేజీలో ఎం.బి.బి.ఎస్. చదివి, ఉస్మానియాలో పై చదువు పూర్తి చేసిన నోరి దత్తాత్రేయుడు. 1980లలో ఆయనే అక్కడ బ్రాకీథెరపీ, అంటే ఇలా మూలాన్ని ఒంట్లోనే పెట్టి చేసే వైద్యం, విభాగానికి అధిపతి అయ్యాడు. హిలారిస్, నోరి, ఛాతీ శస్త్రవైద్యుడు నేయల్ మార్టిని కలిసి రాసిన వ్యాసాలు ఆ దశాబ్దంలో ఊపిరితిత్తుల గింజల వైద్యానికి ఆధారగ్రంథాల్లా నిలిచాయి. 2015లో భారత ప్రభుత్వం నోరికి పద్మశ్రీ ఇచ్చింది.

వాళ్ళు చేసిన పని ఇలా ఉండేది. ఛాతీ తెరిచిన శస్త్రవైద్యుడు కణితి మహాధమనికో, వెన్నుపూసకో అతుక్కుపోయి ఉండడం చూస్తాడు. తీయగలిగినంత తీస్తాడు. మిగిలినదాన్ని స్కేలుతో కొలుస్తారు. కొలతలను బట్టి ఎన్ని గింజలు, ఎంత బలమైనవి కావాలో ముందుగా గీసి పెట్టుకున్న పటం చెబుతుంది. బోలు సూదులను సెంటీమీటరు ఎడంతో కణితిలో గుచ్చుతారు. సూదిని కొంచెం కొంచెంగా వెనక్కి లాగుతూ ఒక్కో చోట ఒక్కో గింజ వదులుతారు. ఛాతీ నడుమ లింఫ్ గ్రంథుల దగ్గర మాత్రం గింజలు వదలకుండా సన్నని ప్లాస్టిక్ గొట్టాలు కుట్టి, వాటి కొసలు చర్మం బయటికి తెస్తారు. కొన్ని రోజుల తరువాత వాటిలోకి ఇరిడియం-192 తీగ ఎక్కించి, మూడు నాలుగు రోజులుంచి, తీగనూ గొట్టాలనూ తీసేస్తారు. ఆపరేషను బల్ల దగ్గర ఎవరికీ రేడియేషన్ తగలదు. ముందు ఖాళీ గొట్టం, తరువాత మందు అన్న ఈ పద్ధతి హెన్ష్కే తెచ్చిన పెద్ద మార్పు. తొలి తరం డాక్టర్లు కోల్పోయిన వేళ్ళకు అది జవాబు.

మరి ఫలితం? ఇక్కడ నిజం నిజంగా చెప్పాలి. కోయడానికి వీల్లేదని ఛాతీ మూసేసి పంపే రోగుల్లో కొందరికి ఈ గింజలు కణితిని అక్కడికక్కడ అదుపు చేశాయి. అది చిన్న మేలు కాదు. కానీ ఊపిరితిత్తుల క్యాన్సర్ చాలాసార్లు అప్పటికే మెదడుకో, ఎముకలకో, కాలేయానికో పాకిపోయి ఉంటుంది. గింజ తన చుట్టూ రెండు సెంటీమీటర్లను మాత్రమే కాపాడగలదు. 2000ల తరువాత మరో ఆశ పుట్టింది. ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నవారికి పెద్ద భాగం తీయకుండా కణితి ఉన్న ముక్క మాత్రం తీసి, కుట్టు మీద గింజలు అల్లిన వలలాంటి గుడ్డ పరిస్తే క్యాన్సర్ తిరగబెట్టదని కొన్ని ఆసుపత్రులు రాశాయి. గ్రాహం మోడులో నాటిన ఏడు గింజల ఆలోచనే ఇది, కొత్త రూపంలో. అమెరికాలో 220 మంది దాకా రోగులను రెండు గుంపులుగా చీటీ తీసి పంచి, ఒక గుంపుకు గింజల వల పెట్టి, మరో గుంపుకు పెట్టకుండా పరీక్షించారు. 2014లో ఫలితం వచ్చింది. క్యాన్సర్ తిరిగి రావడంలో రెండు గుంపులకూ తేడా లేదు.

ఎనభై ఏళ్ళ నమ్మకాన్ని ఒక న్యాయమైన పరీక్ష ఇలా తేల్చింది. ఆ ఫలితాన్ని దాచకుండా అచ్చువేసిన వైద్యుల మీద నాకు గౌరవం ఉంది. గింజలు నాటడానికి కోట్లు ఖర్చుపెట్టిన ఆసుపత్రులు, నేర్చుకోవడానికి ఏళ్ళు పెట్టిన చేతులు ఉన్నచోట అది తేలిక పని కాదు. ఇప్పుడు తొలిదశ చిన్న కణితికి ఆపరేషన్ తట్టుకోలేనివారికి బయటి నుంచే అనేక కోణాల్లో గురిపెట్టి, మూడు నుంచి ఐదు విడతల్లో పెద్ద మోతాదు ఇచ్చే పద్ధతి ముందుకొచ్చింది. చైనాలో మాత్రం సి.టి. స్కాన్ చూస్తూ సూదితో అయోడిన్ గింజలు ఊపిరితిత్తుల్లో నాటడం విరివిగా సాగుతోంది.

మన దగ్గర గింజల వారసత్వం ఇరిడియం యంత్రంగా మిగిలింది. బంజారాహిల్స్‌లో ఎన్.టి.రామారావు తన భార్య బసవతారకం జ్ఞాపకంగా సంకల్పించిన క్యాన్సర్ ఆసుపత్రిని 2000 జూన్‌లో ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. ఆ ఆసుపత్రి ఏర్పాటు వెనుక ఉన్నవారిలో నోరి ఒకరు. ఇలాంటి ఆసుపత్రుల్లో బ్రాకీథెరపీ గది ఉంటుంది. మూడున్నర మిల్లీమీటర్ల ఇరిడియం తునక ఒకటి, కొత్తగా ఉన్నప్పుడు పది క్యూరీల బలంతో, తీగ కొసకు అతికి, మందపాటి కవచంలో దాగి ఉంటుంది. సిబ్బంది అందరూ గది బయటికి వెళ్ళాక మోటారు దాన్ని గొట్టం గుండా రోగి లోపలికి పంపి, సెకన్ల లెక్కన ఒక్కో చోట ఆపి, వెనక్కి లాగుతుంది. 74 రోజులకు దాని బలం సగమవుతుంది, అందుకే మూడు నాలుగు నెలలకోసారి మార్చాలి. మన దేశంలో ఈ గదులకు ఎక్కువ పని గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌తోనే. ఊపిరితిత్తుల రోగి అక్కడికి వచ్చేది అరుదు. శ్వాసనాళంలో కణితి పెరిగి ఊపిరాడకుండా చేస్తున్నప్పుడో, దగ్గుతో నెత్తురు పడుతున్నప్పుడో బ్రాంకోస్కోప్‌తో సన్నని గొట్టం దించి, కొద్ది నిమిషాలు ఈ ఇరిడియాన్ని ఆ చోట నిలుపుతారు. జబ్బు నయమవుతుందని కాదు, ఆయాసం తగ్గి రాత్రిపూట వెల్లకిలా పడుకోగలగడానికి. పెద్ద రక్తనాళం పక్కనే ఉంటే నెత్తురు కక్కే ప్రమాదం ఉంది, కాబట్టి ఎవరికి చేయాలో ఎంచడంలోనే డాక్టరు నేర్పు తెలుస్తుంది. ఆయాసంతో ఉన్నవారి ఇంట్లో కూర్చున్న ఎవరికైనా ఆ కొద్ది నిమిషాల విలువ తెలుసు.

అయోడిన్ గింజను మనవాళ్ళూ తయారు చేశారు. ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రం వెండి తీగ ముక్కకు పల్లాడియం పూత పూసి, దాని మీద అయోడిన్-125 పట్టించి, టైటానియం గొట్టంలో పెట్టి, లేజర్‌తో మూసింది. వాటిని ఎక్కువగా కంటి క్యాన్సర్లకు వాడారు. చెన్నైలో శంకర నేత్రాలయ ఆ పనికి ముందుకొచ్చింది. కన్ను తీయకుండా కణితిని చంపే వీలు పిల్లలకు, పెద్దలకు దక్కింది.

గింజలు ఒంట్లో ఉన్నవారి గురించి మన ఇళ్ళల్లో తెలిసి ఉండవలసిన జాగ్రత్త ఒకటుంది. అయోడిన్-125 బలం వెయ్యో వంతుకు తగ్గడానికి సుమారు 20 నెలలు పడుతుంది. ఆ లోపు తొలి నెలల్లో చిన్నపిల్లలను గంటల తరబడి ఒడిలో కూర్చోబెట్టుకోవద్దని, గర్భిణులు దూరంగా ఉండాలని డాక్టరు చెబుతాడు. గింజలు నాటిన తొలి ఏడాదిలో మనిషి పోతే, దహనానికి ముందే ఆ ఆసుపత్రి రేడియేషన్ భద్రతా అధికారికి కబురు చేయాలి. చితి మంటకు తొడుగు పగిలితే అయోడిన్ ఆవిరై బూడిదలో, పొగలో కలవగలదు. దహనం మన ఆచారం. కాబట్టి గింజలు నాటేటప్పుడే ఆ కుటుంబానికి ఈ మాట తెలుగులో, రాతపూర్వకంగా చెప్పాలని నేను గట్టిగా కోరుతున్నాను.

ఇంత చరిత్రలోనూ రేడియేషన్‌ను కొలిచే పరికరం లేకుంటే ఏ లెక్కా సాగేది కాదు. పోయిన సూదిని చెత్తలో వెతికినా, డాక్టరు జేబుకు తగిలించుకున్న బ్యాడ్జీ చదివినా, ఇరిడియం తునక వెనక్కి వచ్చిందని గది తలుపు తీసేముందు చూసుకున్నా మీటరే ఆధారం. అలాంటి పరికరాలు దిగుమతి చేసుకోకుండా మన దేశంలోనే తయారు కావాలని పట్టుబట్టినవాడు పశ్చిమ గోదావరి మొగల్లులో 1914లో పుట్టిన అయ్యగారి సాంబశివరావు. ట్రాంబేలో ఎలక్ట్రానిక్స్ విభాగాన్ని నిలబెట్టి, 1967లో హైదరాబాదు వచ్చి ఈ.సి.ఐ.ఎల్. స్థాపించాడు. మౌలాలికి కూతవేటు దూరంలో ఏ.ఎస్.రావు నగర్ ఆయన పేరు మీద ఉన్నదే. వచ్చే భాగంలో ఆయన కార్ఖానాలోకి వెళదాం.